తుంగకు అడ్డం

శౌరమ్మ కొత్తిమీర మడిలో కాసేపు వంగి, కాసేపు గొంతుక్కూర్చుని, చివరికి రెండూ చేతగాక కూర్చున్నచోటు నుంచే జరుగుతూ పని చేస్తోంది. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. కుడిచేతిలో పొడుగాటి స్క్రూడ్రైవరు ఉంది. అది ఆమె భర్త బాలశౌరి మోపెడ్ సామాన్ల డబ్బాలోది. తుంగ తియ్యడానికి పార పెద్దదైపోతుంది, కొడవలి పైపైన కోసి వదిలేస్తుంది. ఈ స్క్రూడ్రైవరంత నమ్మకమైన పనిముట్టు ఆమెకి ఇంకోటి దొరకలేదు. మనిషి పోయాక ఆయన వస్తువుల్లో రోజూ ఆమె చేతిలో ఉండేది ఇదొక్కటే.

తుంగ సంగతి తెలియనివాళ్లు ఉంటారు, వాళ్లు అదృష్టవంతులు. పైకి చూస్తే పాపం, గడ్డిపోచే. మూడు పలకల కాడ, నిగనిగలాడే ఆకు, ఎంతో అమాయకంగా ఉంటుంది. పట్టుకుని లాగితే టప్పుమని తెగి చేతికొస్తుంది. పీకేశాంలే అని మనం సంబరపడతాం. కింద గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది. ఆ గడ్డకి దారంలాంటి వేరు, వేరు చివర ఇంకో గడ్డ, దానికి ఇంకో వేరు. నేల కింద ఎవరికంటా పడకుండా చుట్టరికాలు కలుపుకుంటూ పక్క మడిలోకి, ఆ పక్క మడిలోకి వెళ్లిపోతుంది. పైన ఒకటి తెంపితే పక్కన రెండు లేస్తాయి. పారతో నరికితే ఇంకా మేలు దానికి, ప్రతి ముక్కా ఒక సంసారం పెడుతుంది.

"చావవే, చావు. నన్ను తీసుకుపోయిందాకా వదలవుగా నువ్వు" అంది శౌరమ్మ, ఒక గడ్డని వేళ్లమధ్య పట్టుకుని. ఈ మధ్య ఆమెకి పొలంలో పైకే మాట్లాడటం అలవాటైంది. కరకట్ట మీద బళ్లమీద పోయేవాళ్లు చూసి, పాపం జపం చేసుకుంటోంది అనుకుంటారు. అనుకోనీ, మంచిదే.

యనమలకుదురు దాటాక, కృష్ణ కరకట్ట కింద ఉంది ఆమె నేల. అర ఎకరం కూడా ఉండదు. తోటకూర, పాలకూర, గోంగూర, చలికాలం వచ్చేసరికి కొత్తిమీర. చీకటితో కోసి, కట్టలు కట్టి, తెల్లారేసరికి పటమట రైతుబజారులో కూర్చోవాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ అదే పని. పటమటలో ఆమె కొత్తిమీరకి ఒక పేరుంది. శౌరమ్మ కట్టలో గడ్డిపోచ ఉండదు, కడుక్కుని నేరుగా చారులో వేసుకోవచ్చు అనేవారు. ఆ మాట ఒక్కటే ఆమె జీవితంలో సంపాదించుకున్న బిరుదు.

పోయిన ఆదివారం ఆ బిరుదు కూడా ఊడింది. రామతులసి గారని, ఎన్నేళ్లుగానో ఆమె దగ్గరే కొనే టీచరమ్మ, కట్ట అక్కడికక్కడే విప్పి మధ్యలోంచి పొడుగాటి తుంగపోచ ఒకటి పైకి తీసింది. "ఏంటండీ శౌరమ్మ గారూ, ఈమధ్య పశువులక్కూడా కలిపి కడుతున్నారా?" అంది నవ్వుతూ. ఆవిడ మనసులో ఏమీ లేదు. పక్క దుకాణాలవాళ్లు నవ్వారు, శౌరమ్మ కూడా నవ్వింది. ఇంకో కట్ట తీసి ఇచ్చింది. కానీ ఇంటికొచ్చే దారంతా ఆ పోచ గొంతులో అడ్డం పడ్డట్టే ఉంది.

ఇంతకీ ఈ తుంగ దానంతటది రాలేదు. బాలశౌరి తెచ్చాడు. డబ్బులిచ్చి, ట్రాక్టరు పెట్టి, మేళం ఒక్కటే తక్కువగా ఊరేగించి మరీ తెచ్చాడు.

ఎండాకాలంలో కాలవలు కట్టేసినప్పుడు పూడిక తీస్తారు. ఆ పూడిక మట్టి నల్లగా, వెన్నలా ఉంటుంది. పొలానికి తోలుకుంటే మూడు పంటలదాకా ఎరువు చూడక్కర్లేదని కృష్ణా జిల్లాలో పుట్టిన ప్రతివాడికీ నమ్మకం. పోయినేడు కాదు, అంతకుముందు ఎండాకాలం బాలశౌరి ట్రాక్టర్లు మాట్లాడి ఆ మట్టి తోలించాడు. పొలానికి నీళ్లొచ్చే బోదె పక్కన కుప్ప పోయించి, తువ్వాలు తలకి చుట్టుకుని దానిమీద నిలబడ్డాడు. "చూడవే శౌరీ, బంగారం! నేలకి బిర్యానీ పెడుతున్నా!" అన్నాడు.

శౌరమ్మ మట్టిలోకి దిగి కాలితో కదిపింది. ఎండిపోయిన మేకపెంటికల్లా నల్లగా ఏవో తగిలాయి. "ఏంటివి?" అంది. "గులకరాళ్లులే" అన్నాడు. వానలు పడ్డాక ఆ గులకరాళ్లు మొలిచాయి.

పోనీ అక్కడితో ఆగాడా? తుంగ లేచిందని కంగారుపడి ట్రాక్టరుకి రోటవేటరు కట్టించి, మట్టి పరిచినంత మేరా కుళ్లబొడిపించాడు. ఒక్కో గడ్డ పదైంది. ఆ వానాకాలమంతా మొగుడూ పెళ్లాం తుంగ దగ్గరే తిట్టుకున్నారు, తుంగ దగ్గరే అన్నాలు తిన్నారు. అందులో దేవుడు చేసిన మేలు ఒక్కటే. బాలశౌరి ఏ పనీ పూర్తిగా చెయ్యడు. పడమర సగానికి మట్టి పరిచి, తూర్పు సగానికి వచ్చే ఏడు తోలిద్దాంలే అని వదిలేశాడు. స్నానాలగది కట్టించి తలుపు పెట్టించలేదు. గోడకి సగం దాకా సున్నం వేసి పైసగం పండక్కి వేద్దాం అన్నాడు. ఆయన మొదలుపెట్టిన పనులన్నీ అలా సగంలో నిలబడి ఆయన్ని తల్చుకుంటూ ఉంటాయి. ఆ గుణమే తూర్పు సగాన్ని కాపాడింది.

పోయిన క్రిస్మస్ వెళ్లాక ఒక సాయంత్రం, టీ తాగుతూ, "పండగ అయిపోయిందిగా, రేపట్నుంచి ఇద్దరం కూర్చుని ఆ తుంగ సంగతి తేల్చేద్దామే. ఎంతసేపు?" అన్నాడు. మర్నాడు పొద్దున లేవలేదు. గుండె ఆగిపోయింది అన్నారు డాక్టర్లు.

శౌరమ్మ ఏడవలేదు. ఊరంతా వచ్చి చూసింది, ఆమె ఏడవలేదు. షాకు తగిలిందన్నారు, గట్టి గుండె అన్నారు, ఇంకా వెనకాల ఏమన్నారో. సమాధి దగ్గర అందరూ పిడికెడు మట్టి వేసేటప్పుడు ఆమె చేతిలో కూడా మట్టి పెట్టారు. ఆమె దాన్ని వెయ్యకుండా వేళ్లతో చిదిమి చిదిమి చూసింది. తుంగగడ్డ ఉందేమోనని. అలవాటు! ఫాదర్ గారు ఆగి చూస్తున్నారు, జనం గుసగుసలాడుతున్నారు, ఆమె చిదుముతూనే ఉంది. చివరికి కూతురు క్రిస్టినా ఆమె చెయ్యి పట్టుకుని వదిలించింది. మతి చెదిరిందని జాలిపడ్డారు. మతేం చెదరలేదు. ఆమెకి ఒళ్లంతా కోపం. ఇద్దరం కూర్చుని తేల్చేద్దామన్నవాడు ఆమె ఒక్కదాన్నే కూర్చోబెట్టి పోయాడు.

అప్పట్నుంచీ ఇదిగో, ఈ స్క్రూడ్రైవరూ ఆమే.

పడమర సగం మీద ఆమె ఆశ వదులుకుంది. తూర్పు సగమే ఆమె భయం. రెండిటికీ మధ్య ఉన్నది చిన్న గట్టు. తుంగ ఆ గట్టు కింద నుంచి తూర్పుకి దాటుతోంది. ఇవాళ ఇక్కడొకటి, రేపు అక్కడొకటి. రామతులసి గారి చేతికొచ్చిన పోచ తూర్పు మడిలోదే. అది కూడా తుంగపాలైతే ఇంక చెయ్యడానికేమీ లేదు. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టే ఓపిక ఆమె ఒంట్లో లేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. మందు కొట్టమన్నారు కొందరు. రేపు కోసి జనానికి పెట్టే ఆకుమీద ఏం మందు కొడతాం? ఎరువు సంచులు కోసి గట్టు పొడుగునా పాతింది. తుంగ మొన సూదిలా పొడుచుకుని వాటిలోంచి బయటికొచ్చింది.

ఫ్లెక్సీ ఆలోచన పేడకుప్ప దగ్గర వచ్చింది. కుప్ప కింద ఎప్పుడో పరిచిన పాత ఫ్లెక్సీ ఒకటుంది. దాని చుట్టూ తుంగ తెగబలిసింది గానీ, అంత మందం దాన్ని మాత్రం పొడవలేకపోయింది. అంతే. రెండు సగాల మధ్య తొడలోతు కందకం తవ్వి, అందులో ఫ్లెక్సీలు నిలువుగా నిలబెట్టి, మట్టి కప్పేస్తే? వేరు అడ్డంగా వచ్చి గోడకి కొట్టుకుని ఆగుతుంది. ఆగాలి మరి.

క్రిస్టినా బెంజ్ సర్కిల్ దగ్గర చీరల షోరూములో పని చేస్తుంది. అక్కడ పాతబడిన ఫ్లెక్సీలు ఇంటికి మోసుకొచ్చింది. దారిలో స్తంభాలకి వేలాడేవి కూడా అడిగి తెచ్చింది. శౌరమ్మ రోజూ కొంత, రోజూ కొంత కందకం తవ్వుతూ వాటిని నిలబెట్టింది. పట్టుచీర కట్టుకుని నవ్వే అమ్మాయి, లక్ష్మీకాంత్ అనే ఎవరో అన్నకి పుట్టినరోజు శుభాకాంక్షలు, ఓణీల ఫంక్షన్ చేసుకున్న శ్రీదుర్గ అనే పిల్ల, ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల మొహాలు వరసగా, అందరూ కందకంలోకి దిగారు. కరకట్ట మీద ఎవరో బండి ఆపి, "ఏంటి శౌరమ్మక్కా, ఎలక్షన్లో నిలబడుతున్నావా?" అని అరిచారు. "నిలబడతా, తుంగ నా మీద పోటీ!" అని అరిచింది. నవ్వడానికి కూడా నడుం పట్టుకోవాల్సి వచ్చింది.

అంతా అయింది, బోదె పక్కన ఒక్క చోటు తప్ప. పొడుగేమీ కాదు, చేతులు రెండుసార్లు చాపితే అయిపోతుంది. కానీ ఆ చోటే అసలు చోటు. బాలశౌరి మట్టికుప్ప పోయించింది అక్కడే. తుంగ అక్కడ చాపలా అల్లుకుంది. కందకం నోరు తెరుచుకుని ఉంది, ఫ్లెక్సీ లేదు. పైన ఆకాశం చూస్తే నల్లగా కమ్ముకొస్తోంది. అల్పపీడనం అని రెండ్రోజులనుంచి టీవీలో ఒకటే గోల. వాన పడితే ఆ ఖాళీలోంచి పడమటి మట్టి కొట్టుకొచ్చి తూర్పు మడుల్లో పరుచుకుంటుంది. మట్టితోపాటు గడ్డలు. మొన్ననే ఆ మడుల్లో ధనియాలు చల్లింది.

కూతురికి ఫోను చేసింది.

"ఫ్లెక్సీ ఏమన్నా దొరికిందా తల్లీ?"

"లేదమ్మా. గాలికి పడతాయని మునిసిపాలిటీ వాళ్లు పొద్దున్నే లారీ తెచ్చి అన్నీ పీక్కెళ్లిపోయారు. సర్కిలంతా బోడిగుండు చేసినట్టుంది." క్రిస్టినా గొంతు తగ్గించింది. "అమ్మా, వదిలెయ్యవే. ఎందుకు నీకీ చాకిరీ? కౌలుకిచ్చేద్దాం. ఇంటిపట్టున కూర్చో. నా జీతం చాలదా మనిద్దరికీ?"

"చాలుద్ది తల్లీ. చాలదని ఎవరన్నారు?"

"మరి?"

"ఆ నాలుగు మడులూ బాగుంటే నేను పొద్దున్నే లేస్తానే. లేకపోతే ఎందుకు లెగవాలో తెలియట్లా" అంది శౌరమ్మ. "సర్లే, వానలో తడవకుండా రా" అని ఫోను పెట్టేసింది.

ఆమెకి తెలుసు, ఇంట్లో ఇంకో ఫ్లెక్సీ ఉంది. పొద్దుట్నుంచీ తెలుసు. బీరువా మీద చుట్టి, చీరముక్కతో కట్టి ఉంది. బాలశౌరి జ్ఞాపకార్థ కూడిక నాడు కట్టిన ఫ్లెక్సీ అది. ఆయన అక్క రూతమ్మ పటమటలో స్టూడియోకి వెళ్లి దగ్గరుండి చేయించింది. ఆకాశం, మబ్బులు, రెండు తెల్ల పావురాలు, మబ్బుల్లోకి మెట్లు. మధ్యలో నీలం కోటు, ఎర్ర టై వేసుకుని బాలశౌరి. ఆయన బతికుండగా కోటు మొహం ఎరగడు. ఆధార్ కార్డు ఫొటో ఇస్తే స్టూడియోవాళ్లు తల ఉంచి కింద కోటు అతికించారు. కూడిక నాడు శౌరమ్మ దాని ముందు నిలబడి, ఈయనెవరో పెద్దమనిషి అనుకుంది. కానీ ఆ కళ్లు ఆయనవే. ఎంతసేపు, అయిపోద్దిలే అన్నట్టే చూస్తున్నాయి.

చనిపోయినవాళ్ల ఫ్లెక్సీని ఎవరూ పారెయ్యరు. పట్టా కింద వాడరు, నేలమీద పరవరు. ఏ ఇంట్లోనైనా అటకమీదో బీరువామీదో అలా ఉండిపోతుంది. పైగా సమాధుల పండగ వస్తోంది. ఆయన పోయాక మొదటి పండగ. ఆరోజు అందరూ సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. రూతమ్మ మొన్ననే వచ్చి చెప్పిపోయింది. "ఫ్లెక్సీ తీసి శుభ్రంగా తుడిచి పెట్టు శౌరీ. సమాధి దగ్గర కర్రలు పాతి కడదాం. ఊరంతా చూడాలి మా తమ్ముణ్ణి."

శౌరమ్మ స్క్రూడ్రైవరు కొంగులో దోపుకుని ఇంటికి నడిచింది. కుర్చీ ఎక్కి ఫ్లెక్సీ దింపింది. దుమ్ము తుడిచింది. చంకలో పెట్టుకుని వీధిలోకొచ్చింది.

రూతమ్మ ఇల్లు అదే వీధి. అరుగుమీద కూర్చుని, వానొస్తోందని తీసిన బట్టలు మడతపెడుతోంది.

"ఏంటే శౌరీ అది? ఎక్కడికి?"

"పొలానికొదినా."

"పొలానికెందుకే? తుడవాలంటే ఇంటిదగ్గర నీళ్లు లేవా?"

శౌరమ్మ జవాబు చెప్పకుండా ముందుకి పోయింది. చెబితే అక్కడే ఆగిపోవాల్సి వస్తుంది. రూతమ్మ బట్టలు అక్కడే పడేసి, చెప్పులేసుకుని వెనకాల బయల్దేరింది. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, కానీ అనుమానం వస్తే గుర్రం.

పొలం చేరేసరికి జల్లు మొదలైంది. నది మీదనుంచి గాలి కొడుతోంది. శౌరమ్మ కందకం అంచున కూర్చుని చీరముక్క ముడి విప్పింది. రూతమ్మకి అప్పుడు అర్థమైంది.

"నీకు మతిగానీ పోయిందా? మా తమ్ముడి మొకం తీసుకెళ్లి మట్టిలో పాతేస్తావా?"

"మీ తమ్ముణ్ణే మట్టిలో పెట్టొచ్చాంగా వదినా. ఇది ఫ్లెక్సీ."

రూతమ్మ ఒక్కసారిగా విరుచుకుపడింది. "ఎంత మాటన్నావే! వాడు పోతే ఒక్క చుక్క కన్నీరు కార్చావా? రాయి నువ్వు, రాయివి! నేను నా చేతులతో చేయించిందది. రేపు పండగనాడు అందరి సమాధుల దగ్గరా ఏదోకటి ఉంటది, వాడి దగ్గర ఏముంటది? ఇటియ్యి. ఇటియ్యమంటున్నానా!"

శౌరమ్మ ఇవ్వలేదు. కందకంలోకి దిగి ఫ్లెక్సీ విప్పడం మొదలుపెట్టింది. ఒక కొస కాలితో తొక్కిపట్టి, రెండో కొస చేత్తో లాగి, మూడో చెయ్యి లేక మట్టి తొయ్యలేకపోయింది. గాలి వచ్చి ఫ్లెక్సీని లేపి ఫెళ్లుమని ఆమె మొహాన కొట్టింది. మళ్లీ నిలబెట్టింది. మళ్లీ కొట్టింది. కందకం అంచు జారి మట్టిగడ్డలు లోపలికి పడ్డాయి, వాటి నిండా తుంగగడ్డలు. ఆమె వాటిని ఏరబోయింది, ఫ్లెక్సీ జారిపోయింది. దాన్ని పట్టుకోబోయి తను జారి బురదలో కూలబడింది. నీలం కోటు ఆమె ఒళ్లో పడింది.

ఇంక లేవలేదు.

"నావల్ల కావట్లేదొదినా" అంది. "నిజంగా కావట్లా. పొద్దున లేస్తే దీని మొకమే, కళ్లు మూసుకున్నా దీని మొకమే. తెచ్చినోడేమో హాయిగా పడుకున్నాడు. రేపట్నుంచి ఇద్దరం కూర్చుందామే అన్నాడు. ఇద్దరం అన్నాడొదినా! నేను ఏడవలేదని అందరూ అన్నారు. ఏడవడానికి ఓపికుండాలిగా. ముందు కోపం తీరాలిగా. ఆయన కనిపిస్తే చొక్కా పట్టుకుని అడగాలని ఉంది, ఇదంతా ఒక్కదాన్నే ఎట్టా చెయ్యమన్నావయ్యా అని. ఎవర్ని అడగను? చొక్కా కూడా కాదు, కోటేశారు!"

వాన చినుకులు ఫ్లెక్సీమీద టపటపా పడుతున్నాయి. రూతమ్మ గట్టుమీద నుంచే కందకం వైపు చూసింది, అవతల చాపలా పరుచుకున్న తుంగ వైపు చూసింది. ఆమె కూడా ఒకప్పుడు ఆ నేలలో పుట్టి పెరిగిందే. తర్వాత మెల్లగా చెప్పులు విప్పింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది.

"వాడంతేనే" అంది, కందకంలోకి దిగుతూ. "చిన్నప్పుడు కోళ్లగూడు కడతానని ఊరంతా చాటాడు. కట్టాడు. తలుపు మర్చిపోయాడు. కోళ్లన్నీ పిల్లి పాలు. అమ్మ చింతబరికె తీసుకుంటే నా వెనకాల దాక్కున్నాడు." శౌరమ్మకి చెయ్యి అందించింది. "లే. లేచి ఏ కొస పట్టుకోవాలో చెప్పు. ఏడిస్తే తర్వాత ఏడువు, వాన ఆగేట్టు లేదు."

ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఫ్లెక్సీని కందకంలో నిలబెట్టారు. సరిగ్గా సరిపోయింది. రూతమ్మ దాన్ని నిటారుగా లాగిపట్టుకుని అడిగింది.

"మొకం ఎటు పెడదాం?"

"తుంగవైపుకి" అంది శౌరమ్మ. "తెచ్చింది ఆయనేగా. ఆయన్నే చూసుకోమను."

రూతమ్మకి నవ్వొచ్చింది. నవ్వు రాకూడదని మొహం అటు తిప్పుకుంది గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. తిప్పి పెట్టారు. శౌరమ్మ పారతో మట్టి తొయ్యడం మొదలుపెట్టింది. తొక్కుతూ, తోస్తూ, తొక్కుతూ, తోస్తూ. మెట్లు మునిగాయి. కోటు గుండీలు మునిగాయి. ఎర్ర టై మునిగింది. గడ్డం దాకా వచ్చాక ఆమె చేతులు ఆగిపోయాయి.

"కానీవే" అంది రూతమ్మ కళ్లు మూసుకుని.

శౌరమ్మ పార పక్కన పెట్టింది. మోకాళ్లమీద కూర్చుంది. ఆ మోకాళ్లే, పొద్దుట్నుంచీ వంగనని మొరాయించినవి. తడిమట్టి పిడికిట్లోకి తీసుకుని వేళ్లతో చిదిమింది. ఒక గడ్డ తగిలింది, తీసి కొంగులో వేసుకుంది. ఇంకోటి తగిలింది, అదీ తీసింది. మెత్తటి మట్టి మాత్రమే మిగిలాక ఆయన బుగ్గ పక్కన వేసింది. మళ్లీ ఇంకో పిడికెడు. ఆ రోజు సమాధి దగ్గర జనం పూర్తి చెయ్యనివ్వని పనిలో ఇవాళ ఆమెని ఎవరూ తొందరపెట్టలేదు. వాన పెద్దదైంది. రూతమ్మ కొస వదలకుండా తడుస్తూ నిలబడింది. నోరు కప్పేటప్పుడు శౌరమ్మ, "ఇంక మాట్లాడకు. నీ పని చూడు" అంది. కళ్లు కప్పేటప్పుడు మట్టిని ఇంకోసారి చిదిమి చూసింది.

ఆ రాత్రి కుంభవృష్టి. తెల్లారి వెళ్లి చూస్తే పడమర సగంలో బురద నీళ్లు నిలిచి ఉన్నాయి, తూర్పు మడులు కడిగిన పళ్లెంలా ఉన్నాయి. ఒక్క చోట కూడా గండి పడలేదు. శౌరమ్మ నమ్మలేదు. రోజూ వెళ్లి గట్టు వెంబడి వంగి వెతికింది. కొత్తిమీర మొలక నేలని పగలదీసుకుని రెండాకులు చూపించింది. తుంగ మాత్రం అటువైపు గోడదాకా వచ్చి, అక్కడే గుంపుగా నిలబడిపోయింది. సరిగ్గా బోదె పక్కన ఇంకా గుబురుగా ఉంది. ఇవతల ఒక్క పోచ లేదు. పడమర సగం తవ్వాలంటే ఇంకా ఎన్నేళ్లు పడుతుందో ఆ మరియమ్మ తల్లికే తెలియాలి. స్క్రూడ్రైవరుకి ఇప్పట్లో విశ్రాంతి లేదు. అయినా పొద్దున్నే లేచి చూడటానికి ఒక చోటుంది.

సమాధుల పండగ నాటి సాయంత్రం ఊరంతా సమాధుల తోటకి చేరింది. ఎటు చూసినా తెల్ల సున్నం, బంతిపూలు, కొవ్వొత్తులు. కలిగినవాళ్ల సమాధుల మీద పాలరాయి, లేనివాళ్ల దగ్గర మట్టి దిబ్బ, దాని మీద కర్ర సిలువ. బాలశౌరిది మట్టి దిబ్బే. క్రిస్టినా పూలు పేర్చింది. శౌరమ్మ సిలువకి దండ వేసింది. ఫాదర్ గారు దీవెన నీళ్లు చల్లుకుంటూ వరస వెంబడి వస్తున్నారు. ఆయన వెనకాల ఉపదేశి అంతోని గారు నీళ్ల గిన్నె పట్టుకుని వస్తున్నారు. పక్క సమాధి దగ్గర పెద్ద ఫ్లెక్సీ, ఇంకో పక్క ఇంకో ఫ్లెక్సీ. మధ్యలో ఇది బోసిగా ఉంది.

అంతోని గారు ఆగి అటూ ఇటూ చూశారు. "ఏంటి రూతమ్మ గారూ, బాలశౌరిది మంచి ఫ్లెక్సీ చేయించారుగా మీరు. కట్టలేదేం?"

శౌరమ్మ దండ సర్దుతున్నట్టు తల వంచుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు. వదిన ఇప్పుడేం చెబుతుంది? చెప్పకుండా ఎలా ఉంటుంది?

రూతమ్మ కొవ్వొత్తి వెలిగించి, మైనం చుక్క వేసి, నిదానంగా నిలబెట్టింది. ఆ తర్వాత లేచి కొంగు సర్దుకుంది.

"మావాడు పొలంలో పనిమీదున్నాడండీ" అంది. "ఇన్నాళ్లకి ఒక్క పన్నా పూర్తిగా చేస్తన్నాడు. చెయ్యనివ్వండి."

అంతోని గారికి ఏమీ అర్థం కాలేదు. ఫాదర్ గారు నీళ్లు చల్లి ముందుకి కదిలారు, ఆయన గిన్నె పట్టుకుని వెనకాల వెళ్లిపోయారు. శౌరమ్మ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో విరిగి, ఇన్ని నెలలుగా రానిది అప్పుడు వచ్చింది. దిబ్బ మీద చెయ్యి పెట్టి, జనం ఉన్నారని కూడా చూడకుండా, గట్టిగా ఏడ్చింది. క్రిస్టినా కంగారుగా దగ్గరికొస్తుంటే రూతమ్మ వద్దన్నట్టు తల ఊపింది.

నదివైపు నుంచి గాలి లేచింది. రూతమ్మ మరదలి పక్కన చతికిలబడి, కొవ్వొత్తి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది.